పిల్లలకి సేఫ్టీ ఉద్యోగాల గురించి ఎవరూ చెప్పరేం?

ఒరగడం_రఘు
చెన్నైలో మన తెలుగు సంఘం వాళ్ళు ఏటా ఇంటర్, డిప్లొమా, డిగ్రీ పిల్లలకి కెరీర్ గైడెన్స్ పెడుతున్నారు కదా, ఈసారి పంపిన జాబితా చూశాను. సాఫ్ట్‌వేర్ ఉంది, సీఏ ఉంది, నీట్, బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్ ఉన్నాయి, డ్రోన్ పైలట్ కూడా ఉంది. ఇండస్ట్రియల్ సేఫ్టీ లేదు. ఫోన్ చేసి అడిగితే "హెల్మెట్ పెట్టుకున్నారా లేదా అని చూసే పనే కదండీ, దానికి అరగంట ఎందుకు" అన్నారు. కోపం కంటే దిగులే ఎక్కువ వేసింది.

చెన్నై చుట్టూ చూడండి. శ్రీపెరంబుదూర్, ఒరగడం, అంబత్తూరు, మణలి, ఎన్నూరు, గుమ్మిడిపూండి, అది దాటితే మన శ్రీసిటీ. కార్లు, ఫోన్లు, టైర్లు, రసాయనాలు, అన్నీ ఇక్కడే తయారవుతున్నాయి. పొద్దున కంపెనీ బస్సెక్కిన మనిషి సాయంత్రం పది వేళ్ళతో, బాగున్న ఊపిరితిత్తులతో ఇంటికి రావాలంటే లోపల ఎవరో ఒకరు రోజంతా దాని గురించే ఆలోచిస్తూ ఉండాలి. దానికో చదువుంది, అదో వృత్తి. అలాంటిది ఒకటుందని పదిహేడేళ్ళ పిల్లలకి తెలియనే తెలియదు. మా ప్లాంటుకి ఇంటర్వ్యూకి వచ్చేవాళ్ళలో ఇంకెక్కడా దొరక్క ఇటు వచ్చినవాళ్ళే ఎక్కువ, కావాలని వచ్చినవాళ్ళు తక్కువ.

మార్చి 4న భద్రతా దినం అని నినాదాల పోటీ పెట్టి బాక్సు పెన్సిళ్ళు ఇచ్చేస్తే పిల్లలకి ఏం అర్థమవుతుంది? ఈ పనిలో ఉన్నవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు చెప్పండి, ఎలా చెబితే వాళ్ళకి ఎక్కుతుంది?

పెరంబూర్_పద్మ
మీ బాధ అర్థమైంది కానీ తల్లిగా ఒక మాట అడుగుతాను. మా మరిది పనిచేసే చోట ఒక ప్రమాదం జరిగితే పోలీసులు ముందు స్టేషన్‌కి తీసుకెళ్ళింది సేఫ్టీ ఆఫీసర్ కుర్రాణ్ణే. పాతికేళ్ళు కూడా ఉండవు. వాళ్ళమ్మ ఆ రాత్రంతా స్టేషన్ బయటే కూర్చుందట. అలాంటి ఉద్యోగానికి మా వాణ్ణి ఎందుకు పంపాలి?

బాలు_డిప్లొమా
నేను డిప్లొమా మెకానికల్ చివరి సంవత్సరం. నిజంగానే అడుగుతున్నా, సేఫ్టీ ఆఫీసర్ రోజంతా ఏం చేస్తారు? ఫైర్ సర్వీసు, ఇదీ ఒకటేనా?

మణలి_సీనియర్
పద్మ గారి భయం కొట్టిపారేసేది కాదు, ముందు దానికి జవాబు చెప్పాలి. పాత ఫ్యాక్టరీల చట్టం, అంటే 1948 నాటిది, దాని 92వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘన జరిగితే దోషులు ఆక్యుపైయరు (ఫ్యాక్టరీ మీద అంతిమ అధికారం ఉన్నవాడు), మేనేజరు అనే ఉండేది. సేఫ్టీ ఆఫీసర్ కాదు. ఆయన పని చూడడం, సలహా ఇవ్వడం, దర్యాప్తు చేయడం, శిక్షణ ఇవ్వడం. ఆ సలహా అమలు చేసే బాధ్యత మేనేజ్‌మెంట్‌ది. పోలీసు కేసు దారి వేరు. నిర్లక్ష్యం వల్ల చావు అని ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద పెడతారు, ఎఫ్‌ఐఆర్‌లో అక్కడున్న ఎవరి పేరైనా రాయొచ్చు. కుర్రాళ్ళని ముందు తీసుకెళ్ళడానికి కారణం వాళ్ళు సైట్లో దొరుకుతారు, పెద్దవాళ్ళు దొరకరు.

అందుకే నా దగ్గర చేరిన ప్రతి కుర్రాడికీ మొదటి వారమే ఒక అలవాటు చేసేవాణ్ణి. చూసింది రాయి, తేదీ వెయ్యి, పై వాడికి పంపు, అందినట్టు సంతకమో మెయిలో ఉంచుకో. నోటితో చెప్పింది కోర్టులో నిలబడదు. రాసి పెట్టినవాడు ఆ రోజు స్టేషన్‌కి వెళ్ళినా తల ఎత్తుకునే బయటికి వస్తాడు.

బాలూ, ఫైర్ వేరు, ఇది వేరు. ఫైర్ వాళ్ళు మంట వచ్చాక వస్తారు. మనం ఆ మంటకి కావలసిన మూడూ, ఇంధనం, గాలి, నిప్పు, ఒకచోట చేరకుండా ముందే చూస్తాం. పెద్ద రిఫైనరీల్లో రెండు విభాగాలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి జనం కలిపేస్తారు.

కొరుక్కుపేట_శ్రీను
సీనియర్ గారు రాశారంటే ఇంక ఈ చర్చ రెండు రోజులు నడుస్తుంది, టీ పెట్టుకుని కూర్చోండి అందరూ.

ఒరగడం_రఘు
బాలూ, ఏం చేస్తారని అడిగావు కాబట్టి ఒక్క ఉదాహరణ చెబుతాను, కాస్త పొడవుగానే.

ప్రెస్ షాపులో రేకుని డై (ఆకారమిచ్చే అచ్చు) మధ్య పెడతారు, పై భాగం దిగి నొక్కుతుంది. చేతులు రెండూ బయట ఉండాలని రెండు బటన్లు పెడతారు, రెండూ ఒకేసారి నొక్కితేనే ప్రెస్ దిగుతుంది. ఒక లైనులో ఒక బటన్ సందులో చెక్క ముక్క దూర్చి ఒంటి చేత్తో నడుపుతున్నారు. సూపర్‌వైజర్ని అడిగితే "వాడికి భయం లేదు సార్, మెమో ఇవ్వండి" అన్నాడు. మెమో ఇస్తే ఏమవుతుంది? ఇంకో చెక్క ముక్క వస్తుంది. పక్కన నిలబడి చూస్తే విషయం తెలిసింది. డైలో ముక్కని పైకి తోసే స్ప్రింగ్ అరిగిపోయి ప్రతిసారీ ముక్క అంటుకుపోతోంది. దాన్ని ఒక చేత్తో లాగాలి. షిఫ్టుకి ఇన్ని ముక్కలని లెక్క ఉంది, తగ్గితే ఇన్సెంటివ్ పోతుంది. పైగా తయారైన ముక్కలు వేసే బిన్ను ఎడమ వైపు దూరంగా ఉంది, ప్రతిసారీ తిరగాలి. ఆ మనిషికి భయం లేక కాదు, ఆ ఏర్పాటు అతన్ని అలా చేయిస్తోంది.

స్ప్రింగ్ మార్పించాం, ముక్క గాలితో బయటికి వచ్చేలా చిన్న ఎయిర్ బ్లో పెట్టించాం, బిన్ను ఇటు తెచ్చాం. లైట్ కర్టెన్ అని ఒకటుంటుంది, చెయ్యి అడ్డం వస్తే ప్రెస్ ఆగిపోతుంది, అది డబ్బు ఖర్చు కాబట్టి ఒప్పించడానికి నెలలు పట్టింది. బటన్లు కూడా మార్పించాం, ఒకటి నొక్కి ఉంచేస్తే ఇంక మెషీన్ కదలని రకం. చెక్క ముక్క దానంతటదే మాయమైంది, ఎవరికీ మెమో ఇవ్వలేదు.

మా పనిలో ఒక వరుస నేర్పుతారు. ప్రమాదాన్ని అసలు తీసెయ్యగలమా, లేకపోతే తక్కువ ప్రమాదమున్నది పెట్టగలమా, లేకపోతే యంత్రానికి అడ్డు కట్టగలమా, ఆ తర్వాత పద్ధతులు, శిక్షణ, అన్నిటికన్నా చివర హెల్మెట్టూ గ్లౌజులూ. జనం మాత్రం ఆ చివరిదాన్నే మా ఉద్యోగం అనుకుంటారు.

బాలు_డిప్లొమా
ఇది మాకు ఎవరూ చెప్పలేదన్నా. ఇలా అయితే డిజైన్ పనిలాగే ఉంది.

లెక్కల_టీచర్
రఘు గారూ, మీరు అడిగిన ప్రశ్నకి జవాబు మీరే రాసేశారు. పిల్లలకి ఈ కథే చెప్పండి, కానీ ముగింపు చెప్పకండి. ఫోటో చూపించి "ఈ మనిషి చెక్క ముక్క ఎందుకు పెట్టాడు" అని అడగండి. నా తొమ్మిదో తరగతి పిల్లలైతే గంట సేపు వదలరు. అదే "భద్రతే మన ధ్యేయం" అని బోర్డు మీద రాస్తే వెనక బెంచీ నిద్రపోతుంది.

ఇంకోటి, రక్తం కారే వీడియోలు దయచేసి చూపించొద్దు. ఒకసారి ఎవరో వచ్చి అలాంటివి వేశారు, ఆడపిల్లలు ఇద్దరు కళ్ళు తిరిగి పడిపోయారు, మిగతావాళ్ళకి ఫ్యాక్టరీ అంటేనే భయం పట్టుకుంది.

విజయనగరం_వాసు
భయం వద్దంటే సరే గానీ నిజం దాచొద్దు టీచర్ గారూ. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల బిల్డింగు కూలిపోయింది గుర్తుందా ఎవరికైనా? 61 మంది పోయారు. వాళ్ళలో చాలామంది మా విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళే, వలస వచ్చి ఇక్కడ సిమెంటు పని చేసుకునేవాళ్ళు. భార్యాభర్తలు కలిసి వచ్చినవాళ్ళు ఉన్నారు. మా పక్కూరికి శవాలు వచ్చిన రోజు నేను డిగ్రీలో ఉన్నాను. ఆ రోజు నుంచే ఇటు రావాలని అనుకున్నాను, ఇప్పుడు చెన్నై ఓఎంఆర్‌లో పెద్ద సైట్లో సేఫ్టీలో ఉన్నాను.

హెల్మెట్ ఉద్యోగం అన్నవాళ్ళకి ఒక్కటే చెబుతాను, బిల్డింగే మీద పడితే హెల్మెట్ ఏం చేస్తుంది? మట్టి పరీక్ష నుంచి సెంట్రింగ్ విప్పే రోజు దాకా అన్నీ చూడగలిగినవాడు కావాలి, అనుమానం వస్తే పని ఆపగలిగినవాడు కావాలి.

ఇప్పుడు నా సైట్లో పొద్దున టూల్‌బాక్స్ టాక్ అని పది నిమిషాలు నిలబెట్టి మాట్లాడతాం. తమిళంలో మొదలుపెట్టి, మన వాళ్ళకి తెలుగులో, బిహారు వాళ్ళకి హిందీలో, వచ్చీరాని ఒడియాలో కూడా చెబుతాను. సేఫ్టీ ఆఫీసర్‌కి అక్కడి పనివాళ్ళలో ఎక్కువమంది మాట్లాడే భాష వచ్చి ఉండాలని రూల్సులోనే ఉంది. చెన్నైలో పుట్టి తెలుగూ తమిళమూ రెండూ వచ్చిన మన పిల్లలకి అది ఎంత పెద్ద ఆస్తో వాళ్ళకే తెలియదు.

ఎండ సంగతి కూడా. 2024లో తమిళనాడు ప్రభుత్వం వడగాలుల్ని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. మే నెలలో స్లాబు మీద ఇనుము కట్టేవాళ్ళకి పని వేళలు మార్చడం, నీడ, నీళ్ళు, ఉప్పు, ఇవన్నీ ఇప్పుడు మా పనే.

గుమ్మిడిపూండి_గిరి
అందరూ మంచి మాటలే చెబుతున్నారు, నేను మిగతా సగం చెబుతాను. నేను ఈ పనిలోనే ఉన్నాను, వదిలే ఉద్దేశం లేదు, కానీ పిల్లల్ని పిలిచే ముందు ఇవి చెప్పకపోతే మోసం చేసినట్టే.

చాలా చోట్ల సేఫ్టీ ఆఫీసర్ కంపెనీ ఉద్యోగి కాడు. కాంట్రాక్టరు మనిషి. కాంట్రాక్టరు జీతం ఇస్తాడు, వాడి పనినే నువ్వు ఆపాలి. ఆపితే మరుసటి నెల ఉంటావో లేదో. క్లయింటు ఆడిట్ ఉందంటే కాగితాలన్నీ వెనక తేదీలతో తయారు చేయమంటారు. జీతం మొదట్లో సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుడితో పోల్చుకుంటే ఏడుపొస్తుంది. షట్‌డౌన్ (ప్లాంటు ఆపి రిపేర్లు చేసే రోజులు) వచ్చిందంటే పండగ లేదు, పబ్బం లేదు.

ఇంకా ఘోరం ఆ ఇన్‌స్టిట్యూట్లు. పదో తరగతి తప్పినా పరవాలేదు, రెండు నెలల్లో సేఫ్టీ డిప్లొమా, దుబాయ్ ఉద్యోగం గ్యారంటీ అని గోడల మీద రాస్తారు. మా ఊరి నుంచి ముగ్గురు పిల్లలు పొలం తాకట్టు పెట్టి కట్టారు. ఆ సర్టిఫికెట్టు ఏ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరూ ఒప్పుకోడు. ముందు దీని గురించి చెప్పండి, ఆ తర్వాత వృత్తి గొప్పతనం చెప్పండి.

పెరంబూర్_పద్మ
గిరి గారు చెప్పింది ముందే ఎవరైనా చెబితే బాగుండు. మా వీధిలోనే ఆ పోస్టర్ ఉంది.

తరమణి_లలిత
గిరి అన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం కాబట్టి అసలు దారి ఏమిటో రాస్తాను, పిల్లలకి స్క్రీన్‌షాట్ తీసి పంపండి.

ఫ్యాక్టరీలో చట్టప్రకారం సేఫ్టీ ఆఫీసర్ కావాలంటే ఇంతవరకూ రాష్ట్రాల రూల్సులో మామూలుగా అడిగేవి మూడు. ఒకటి ఇంజనీరింగ్ డిగ్రీతో పాటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ స్థాయిలో కనీసం రెండేళ్ళ అనుభవం, లేదా ఫిజిక్సో కెమిస్ట్రీయో డిగ్రీ ఉంటే ఐదేళ్ళు. రెండోది రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిగ్రీ లేదా డిప్లొమా. మూడోది వాసు చెప్పిన భాష. ఆ గుర్తించిన అన్న మాట దగ్గరే పిల్లలు మోసపోతున్నారు. డబ్బు కట్టే ముందు ఆ కోర్సు గుర్తింపు ఉత్తర్వు కాపీ చూపించమని అడగండి, లేదా ఇక్కడి ఇండస్ట్రియల్ సేఫ్టీ అండ్ హెల్త్ డైరెక్టరేట్‌ని అడగండి. చూపించలేకపోతే లేచి వచ్చేయండి.

కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. ముంబైలో సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, దాని కింద చెన్నై, కోల్‌కతా, కాన్పూర్, ఫరీదాబాద్‌లలో రీజనల్ ఇన్‌స్టిట్యూట్లు. మన చెన్నైది తరమణిలోనే ఉంది, రోజూ దాని ముందు నుంచి వెళ్ళే పిల్లలకి కూడా అదేమిటో తెలియదు. అక్కడ ఏడీఐఎస్ (అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఇన్ ఇండస్ట్రియల్ సేఫ్టీ) అని ఏడాది డిప్లొమా ఉంది, ఇండస్ట్రీలో దానికి చాలా విలువ. ఇంకా పైకి చదవాలంటే తిరుచ్చి ఎన్‌ఐటీలో ఇండస్ట్రియల్ సేఫ్టీ ఎంటెక్ ఉంది. ఇంటర్ అవగానే నేరుగా వెళ్ళాలంటే కొచ్చిన్ యూనివర్సిటీలో సేఫ్టీ అండ్ ఫైర్ బీటెక్ ఉంది.

నెబోష్ అనేది బ్రిటన్ బోర్డు, గల్ఫ్‌లో బాగా అడుగుతారు, మంచి పరీక్షే, కానీ మన చట్టం అడిగే డిప్లొమాకి బదులు కాదు. ఓషా కార్డు అమెరికా వాళ్ళది, పది గంటలు లేదా ముప్పై గంటల అవగాహన కోర్సు, అంతే. దాన్ని లైసెన్సు అని అమ్మేవాళ్ళని నమ్మొద్దు.

బాలు_డిప్లొమా
అక్కా, అంటే నేను డిప్లొమా అవగానే సేఫ్టీలో చేరలేనా? ముందు ప్రొడక్షన్‌లోనో మెయింటెనెన్స్‌లోనో చెయ్యాలా?

తరమణి_లలిత
అసిస్టెంటుగా, సేఫ్టీ స్టీవార్డుగా, ట్రైనీగా చేరొచ్చు తమ్ముడూ, చట్టప్రకారం ఆఫీసర్ పోస్టులో మాత్రం పెట్టరు. డిప్లొమాకి ఎన్నేళ్ళు కావాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, దరఖాస్తు చేసే ముందు అది చూసుకో. నా సలహా మెయింటెనెన్స్. రిపేరు వేళ మెషీన్ ఎవరూ ఆన్ చేయకుండా లాకౌట్ తాళం ఎలా వేస్తారో, ప్రమాదకరమైన పనికి ముందు తీసుకోవాల్సిన పర్మిట్ ఎందుకు తప్పించుకుంటారో నీ చేత్తో తెలిస్తే తర్వాత నిన్ను ఏ ఫిట్టరూ మభ్యపెట్టలేడు.

మణలి_సీనియర్
లలిత గారి మాటకి తోడు ఇంకోటి. పాత చట్టంలో వెయ్యి మంది పనివాళ్ళు ఉంటేనే సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి, ప్రమాదకరమైన పనులైతే ప్రభుత్వం తక్కువకి కూడా అడగొచ్చు. 2020లో చేసిన కొత్త చట్టం, అంటే వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఫ్యాక్టరీలో 500 మంది, ప్రమాదకర ప్రక్రియ ఉంటే 250, నిర్మాణంలో 250, గనుల్లో 100 మంది, లేదా అంతకు మించి ఉంటే ఆఫీసర్ ఉండాలి. అంటే ఇంతకుముందు ఎవరూ లేని మధ్యరకం కంపెనీలకి ఇప్పుడు మనిషి కావాలి. పిల్లలకి చెప్పాల్సిన సమయం ఇదే.

భోపాల్ తర్వాత కూడా ఇలాగే జరిగింది. 1984 డిసెంబరులో గ్యాస్ లీకైంది, 1987లో చట్టంలో ప్రమాదకర ప్రక్రియల మీద కొత్త అధ్యాయమే చేర్చారు. అప్పుడు నేను కొత్తగా చేరినవాణ్ణి, ఒక్కసారిగా మా విభాగం మాట కంపెనీలో వినిపించడం మొదలైంది. అన్ని వేల మంది పోయాక గానీ రాలేదు అది. మళ్ళీ 2020 మేలో విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో రసాయనాల ట్యాంకు నుంచి స్టైరిన్ ఆవిరి లీకైంది. నిద్రలో ఉన్న జనం రోడ్ల మీద పడిపోయారు. ఆ ట్యాంకు ఉష్ణోగ్రత ఎంతుందో రోజూ చూసి, పెరిగితే కేకపెట్టే మనిషి విలువ ఎంతో మన తెలుగు పిల్లలకి ఇంకెవరో వచ్చి చెప్పాలా?

గుమ్మిడిపూండి_గిరి
సీనియర్ గారూ, కోడ్ రాసినంత మాత్రాన మనిషిని పెట్టరు. హద్దుకి ఒకరు తక్కువ చూపించి మిగతావాళ్ళని ఇంకో పేరు మీద రాసేవాళ్ళని నేను చూశాను, అప్పటి లెక్కలు వేరు, పద్ధతి మాత్రం అదే.

మణలి_సీనియర్
కాదనను గిరీ. అందుకే గట్టి పిల్లలు రావాలంటున్నాను.

పోరూర్_డాక్టర్
ఇంతసేపూ అందరూ సేఫ్టీయే మాట్లాడారు, హెల్త్ గురించి ఒక్కరూ రాయలేదు. యాక్సిడెంట్ అందరికీ కనిపిస్తుంది. వినికిడి పోవడం కనిపించదు. నా దగ్గరికి నలభై దాటిన మగవాళ్ళు వస్తారు, "టీవీ సౌండ్ పెంచమంటే ఇంట్లో గొడవ" అని భార్య తీసుకొస్తుంది. అడిగితే ఇరవై ఏళ్ళు ఫోర్జింగ్ షాపులో, అంటే కాల్చిన ఇనుముని యంత్రాలతో కొట్టే చోట పని. మన రూల్సులో ఎనిమిది గంటలకి 90 డెసిబెల్స్ హద్దు, 95 అయితే నాలుగు గంటలే. ఆ లోపలి చెవి కణాలు ఒకసారి పోతే తిరిగి రావు. శబ్దం వల్ల వచ్చే చెవుడు, రాతి దుమ్ము వల్ల ఊపిరితిత్తులు పాడయ్యే సిలికోసిస్ లాంటివి చట్టంలో నోటిఫయబుల్ జబ్బులు, చూసిన డాక్టరు ప్రభుత్వానికి తెలియజేయాలి. ఎంతమంది డాక్టర్లకి ఇది గుర్తుంది? సిలికోసిస్‌ని టీబీ అని నెలల తరబడి మందులిచ్చిన కేసులు చూశాను. ఏం పని చేస్తావయ్యా అని అడిగి ఉంటే మొదటి రోజే తెలిసేది.

ఎంబీబీఎస్ చేసేవాళ్ళకి ఏఎఫ్ఐహెచ్ (అసోసియేట్ ఫెలో ఆఫ్ ఇండస్ట్రియల్ హెల్త్) అని మూడు నెలల కోర్సు ఉంది, అది చేస్తే ఫ్యాక్టరీ మెడికల్ ఆఫీసర్ కావచ్చు. డాక్టర్లే కానక్కర్లేదు. ఇండస్ట్రియల్ హైజీనిస్ట్ అని ఉంటారు, గాలిలో దుమ్మెంత, ద్రావకాల ఆవిరెంత, శబ్దమెంత అని కొలుస్తారు, కొలిచి వెంటిలేషన్ ఎలా మార్చాలో చెబుతారు. కెమిస్ట్రీ, ఫిజిక్స్ చదివినవాళ్ళకి సరిగ్గా సరిపోయే పని. మన దేశంలో వీళ్ళు చాలా తక్కువ.

పెరంబూర్_పద్మ
డాక్టరు గారూ, మా పెద్దమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం. బీఈడీ తప్ప దారి లేదనుకుంటున్నాం. ఈ కొలిచే పనికి ఆడపిల్లలు వెళతారా?

పోరూర్_డాక్టర్
వెళతారమ్మా. నాకు తెలిసిన మంచి హైజీనిస్టుల్లో సగం మంది వాళ్ళే. గాలి పీల్చే చిన్న పంపు పనివాడి ఒంటికి, దాని ఫిల్టరు ఉండే క్యాసెట్ కాలరుకి తగిలించి షిఫ్టంతా శాంపిల్ తీయాలి, ల్యాబులో తూచాలి, లెక్క కట్టాలి. ఓపిక, నిజాయితీ కావాలి. మీ అమ్మాయిని నాకు మెసేజ్ చేయమనండి, ఏ కోర్సులు చూడాలో వివరంగా చెబుతాను.

టీనగర్_సరళ
నేను బట్టల షాపులో సేల్స్‌లో చేశాను కాబట్టి చెబుతున్నా. పొద్దున నుంచి రాత్రి దాకా నిలబడే ఉండాలి, కూర్చుంటే సూపర్‌వైజర్ తిట్టేవాడు. కాళ్ళలో నరాలు ఉబ్బి ఇప్పటికీ నొప్పి. 2021లో తమిళనాడులో చట్టం మార్చి షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చోవడానికి సీటు ఇవ్వాలని పెట్టారు. సేఫ్టీ అంటే ఫ్యాక్టరీలే అనుకోకండి, షాపులు, ఆసుపత్రులు, గోడౌన్లు, డెలివరీ కుర్రాళ్ళు, వీళ్ళ గురించి కూడా పిల్లలకి చెప్పండి.

కొరుక్కుపేట_శ్రీను
సరళక్క చెప్పింది బాగుంది. మా వైపు మ్యాన్‌హోల్లో దిగి పోయినవాళ్ళు ఉన్నారు. చదువు లేనివాళ్ళని దింపుతారు. ఒకడు పడితే వాడి కోసం ఇంకొకడు దిగుతాడు, వాడూ పోతాడు. ఎందుకలా అవుతుందో ఎవరైనా వివరంగా రాయండి.

మణలి_సీనియర్
హైడ్రోజన్ సల్ఫైడ్ శ్రీనూ. కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన. 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద) దాటేసరికి ముక్కు మొద్దుబారిపోయి వాసన తెలియదు, మనిషి గ్యాస్ పోయిందనుకుంటాడు. ఇంకా పెరిగితే కొద్ది ఊపిరిల్లోనే పడిపోతాడు. పైనున్నవాడు గుండెపోటు అనుకుని కాపాడడానికి దిగుతాడు. దిగే ముందు గ్యాస్ మీటరు దింపి చూడాలి, ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువుంటే దిగకూడదు. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనిషిని మురుగులోకి దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం, యంత్రాలతో చేయాలి. చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీం కోర్టు చెప్పింది. ఇంటర్ కెమిస్ట్రీ పాఠంలో ఈ గ్యాస్ ఉంటుంది, తయారుచేసే పద్ధతీ ఉంటుంది. మ్యాన్‌హోలు సంగతి కూడా అక్కడే చెబితే పిల్లలు జన్మలో మర్చిపోరు.

లెక్కల_టీచర్
రేపే మా కెమిస్ట్రీ మేడమ్‌కి చూపిస్తాను ఇది.

ఇంకో ఆలోచన వచ్చింది. కెరీర్ గైడెన్స్ పెట్టే హాలు ఉంది కదా, పోయినేడు వెళ్ళినప్పుడు వెనక తలుపుకి తాళం ఉంది, దాని ముందు కుర్చీలు పేర్చి ఉన్నాయి. మెట్ల కింద గ్యాస్ సిలిండర్లు. పిల్లలు నాలుగైదు వందల మంది లోపల. 2004లో కుంభకోణం స్కూల్లో 94 మంది పిల్లలు కాలిపోయిన రాష్ట్రం ఇది. ఉపన్యాసం బదులు పిల్లల్ని జట్లుగా చేసి ఆ హాలునే తనిఖీ చేయించండి. ఏది చూశారు, ఎవరికి ప్రమాదం, ఏం మార్చాలి, ఎంత ఖర్చవుతుంది. ఎవరి రిపోర్టు బాగుంటే దాన్ని కమిటీ అమలు చేయాలి.

గుమ్మిడిపూండి_గిరి
ఇది నాకు నచ్చింది. ఆ అమలు చేయడమనేది ముఖ్యం. పిల్లలు తాళం తీయమని రాస్తే ఆ రోజే తాళం తీయాలి. లేకపోతే వాళ్ళు మొదటి రోజే నేర్చుకునేది రిపోర్టు రాయడం దండగ అని.

సంఘం_కార్యదర్శి
ఫోన్లో రఘు గారితో ఆ మాట అన్నది మా సభ్యుడే, ఆయన తరఫున ఏమీ అనుకోవద్దని కోరుతున్నాను. చర్చ మొత్తం చదివాను. అరగంట కాదు, మధ్యాహ్నం రెండు గంటలు ఇస్తాం. హాలు యజమానితో తలుపు సంగతి మాట్లాడాను, సిలిండర్లు బయట షెడ్డులోకి మారుస్తానన్నాడు. ఒక సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు భోజనాల ఖర్చు పెట్టుకుంటామంటున్నారు, వాళ్ళకి ఒక స్టాలు ఇవ్వొచ్చా?

తరమణి_లలిత
గుర్తింపు ఉత్తర్వు కాపీ అడగండి. ఇస్తే ఇవ్వండి, లేకపోతే భోజనాలు మేమే పెట్టుకుంటాం.

గుమ్మిడిపూండి_గిరి
సాంబారన్నం ఖర్చు నాది.

ఒరగడం_రఘు
కార్యదర్శి గారూ, చాలా సంతోషం. మొదటి గంట టీచర్ గారు చెప్పిన హాలు తనిఖీ. తర్వాత వాసు, డాక్టరు గారు, గిరి. గిరి తప్పకుండా మాట్లాడాలి, మంచి చెడ్డా రెండూ వినాలి పిల్లలు. ఆసక్తి ఉన్నవాళ్ళని ఇరవై మందిని మా ప్లాంటుకి తీసుకెళ్ళడానికి మేనేజ్‌మెంట్‌ని అడుగుతాను. ఆదివారం అయితే అందరికీ వీలు.

మణలి_సీనియర్
ఆదివారం వద్దు రఘూ. లైన్లు ఆగి ఉంటాయి, పిల్లలకి ఖాళీ షెడ్డు కనిపిస్తుంది. శనివారం మొదటి షిఫ్టు పెట్టు, ప్రెస్సులు నడుస్తుండగా చూడాలి. షిఫ్టు మారే వేళ గేటు దగ్గర కూడా కాసేపు నిలబెట్టు.

బాలు_డిప్లొమా
రఘన్నా, ఆ ఇరవైలో నా పేరు రాయండి. మా క్లాసులో ఇంకో ఐదుగురు అడుగుతున్నారు. సేఫ్టీ షూ మేమే తెచ్చుకోవాలా, అక్కడ ఇస్తారా?

ఒరగడం_రఘు
రాశాను. గేటు దగ్గర ఇస్తారు, సైజులు ముందే పంపండి. చెప్పులతో వస్తే లోపలికి పంపను, ఫుల్ ప్యాంటు తప్పనిసరి. జుట్టు పొడవుంటే ముడి వేసుకురమ్మని అమ్మాయిలకీ అబ్బాయిలకీ చెప్పు.